కుడి అంచు నుంచి

మెట్ల కింది గది,
జూన్ 3

పిన్నికి,

నా ప్రోగ్రాంని దొంగిలించారు. దొంగిలించింది మీ ఫ్యాక్టరీకి గుడ్డ కోసే యంత్రాలు అమ్మిన కంపెనీ. నీ బల్ల పక్కన పోయిన ఏడాది దించిన ఆ యంత్రం లోపల నడుస్తున్నది నా రెండేళ్ళ కష్టం. ఈ మాట ముందు రాసి, నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని తర్వాత అడుగుతున్నందుకు ఏమీ అనుకోకు. మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో అన్న ప్రతి మాటా ఎవడో ఒకడి గోదాములోకి చేరుతుందని నేను చదివిన కరపత్రాల్లో ఉంది. నవ్వుకుంటే నవ్వుకో. నేను మాత్రం కాగితం మీదే రాస్తాను.

విషయం మొదటి నుంచి చెప్తాను. చొక్కాకి కావలసిన ముక్కల్ని, అంటే వీపు, ముందు భాగాలు, చేతులు, కాలరు, జేబు, గుడ్డ మీద ఎలా సర్దితే తక్కువ వృథా అవుతుందో చూపించే ప్రోగ్రాం నాది. దాన్ని ఊరికే ఇచ్చాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. లైసెన్సులో ఒక్కటే షరతు పెట్టాను. నా కోడ్ తీసుకుని దాని మీద కట్టినవాళ్ళు, తాము కట్టినదాన్ని కూడా అందరికీ తెరిచిపెట్టాలి. నా పని నుంచి పుట్టిన పనికి నా పని గుణమే రావాలి. ఇందులో అన్యాయం ఏముందో చెప్పు.

వీళ్ళు తీసుకున్నారు, తాళం వేసుకున్నారు.

మొన్న యంత్రాల ప్రదర్శనకి వెళ్ళాను. ఆ కంపెనీ వాళ్ళు తెర మీద ముక్కలు ఒక్కొక్కటే సర్ది చూపిస్తున్నారు. నా కాళ్ళ కింద నేల కదిలింది. నాకు తెలిసిన ప్రోగ్రాములన్నీ గుడ్డ ఎడమ అంచు నుంచి మొదలుపెడతాయి. నాది ఒక్కటే కుడి అంచు నుంచి మొదలుపెడుతుంది. వాళ్ళదీ కుడి అంచు నుంచే. ముందు వీపు, తర్వాత చేతులు, చంక వంపులో కాలరు. అచ్చు గుద్దినట్టు. ఇంటికొచ్చి, అక్కడ పంచిన వాళ్ళ ప్రచార పుస్తకంలో అచ్చేసిన బొమ్మలు ముప్పై ఒకటీ నావాటితో పోల్చాను. ఇరవై ఆరు కలిశాయి.

ఊరుకుంటానా? నా ప్రోగ్రాం వాడేవాళ్ళందరూ చదివే వెబ్‌సైటులో బహిరంగ లేఖ పెట్టాను. వాళ్ళ ప్రోగ్రాం రాసిన ఇంజినీరమ్మ పేరు వాళ్ళ పుస్తకం వెనక అట్ట మీద ఉంది. ఆ పేరు కూడా రాశాను. ఇప్పటికి మూడు వందల పన్నెండు మంది సంతకం చేశారు.

నీతో పని ఒకటుంది. ఆ యంత్రం నీ చేతికింద ఉంది కాబట్టి, అందులోంచి ప్రోగ్రాం ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పంపు. లోపల కోడ్ చూస్తే దొంగ దొరికిపోతాడు. పంపుతావు కదూ.

నీ అక్క కూతురు


కటింగ్ గది, టీ వేళ,
జూన్ 11

ఏమే మిరపకాయ్,

నీ ఉత్తరం చదివేసరికి టీ చల్లారింది. మళ్ళీ పోయించుకుని రాస్తున్నాను. కాగితం వెనక చొక్కా చెయ్యి గీతలు కనిపిస్తే కంగారుపడకు, అవి ఉత్తరంలో భాగం కాదు. వాడేసిన కాగితం ఇక్కడ కట్టలు కట్టలుగా పడుంటుంది. మోకాలు కుడిది బాగానే ఉంది, ఎడమది నీలాగా మాట వినడంలేదు.

నేను సూది, సుద్ద, కత్తెర తెలిసిన మనిషిని. నీ కరపత్రాలు నాకు ఎక్కవు. అందుకని కాస్త నాకు అర్థమయ్యేలా చెప్పు. నీ కోడ్ తీసుకుని పెంచితే వాళ్ళదీ తెరిచిపెట్టాలి, సరే. నీ కోడ్ కళ్ళతో కూడా చూడకుండా, నీ ప్రోగ్రాం చేసే పనే చేసేది ఒకటి ఎవరైనా రాసుకుంటే? అది నీదాన్నుంచి పుట్టినట్టా, కాదా?

ఇంకొకటి. ఒక టైలరు దగ్గర ఇద్దరు పని నేర్చుకున్నారనుకో. ఇద్దరూ కాలరు ఒకేలా కోస్తారు. ఎప్పుడో ఒకరి కాలరు ఇంకొకరు చూసి, నాది దొంగిలించావని జుట్టు పట్టుకుంటే న్యాయమేనా?

వాళ్ళు నీ కోడ్ చూశారనడానికి నీ దగ్గర ఏముంది? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత నీకు చిన్నప్పుడు నేనే చెప్పాను.

ఫైలు పంపమన్నావు. పంపను. ఎందుకని అడగొద్దు. ఆ బహిరంగ లేఖ కొన్నాళ్ళు పక్కన పెట్టు. ముఖ్యంగా ఆ ఇంజినీరమ్మ పేరు తీసెయ్యి. ఆవిడెవరో నీకు తెలీదు.

నీ పిన్ని


మెట్ల కింది గది,
జూన్ 17

పిన్ని గారికి,

అడగొద్దన్నావు కాబట్టి అడగను. నీ ప్రశ్నలకి మాత్రం జవాబు చెప్తాను.

చూడకుండా రాసుకుంటే అది వాళ్ళ సొంతమే. ఆలోచన ఎవడి సొత్తూ కాదు, పద్ధతి ఎవడి సొత్తూ కాదు. రాసిన రాత ఒక్కటే రాసినవాడిది. రాతని కాపీ కొట్టినా, మార్చి వాడినా అది దాన్నుంచి పుట్టిన పని. కరపత్రాల్లో దీన్నే ఉత్పన్న కృతి అంటారు. ఈ సంగతి నాకు తెలీక కాదు. పద్ధతుల మీద హక్కులు అడిగే కంపెనీలని తిడుతూ నేనే కాగితాలు అచ్చేయించి గోడలకి అంటించాను.

కానీ చూడకుండా తప్పులు కూడా కలుస్తాయా పిన్నీ? నా ప్రోగ్రాంలో ఒక తప్పుంది. కాలరు వంపు పక్కన రెండు వేళ్ళ ఖాళీ వదులుతుంది. గుడ్డ మిగల్చడానికి రాసిన ప్రోగ్రాం గుడ్డ వృథా చేస్తుందన్నమాట. ఎందుకలా రాశానో నాకే గుర్తు లేదు. అలా ఉంటేనే కంటికి సరిగ్గా ఉందనిపించింది, ఉంచేశాను. వాళ్ళదాంట్లోనూ అదే చోట, అదే రెండు వేళ్ళు. మంచిని ఇద్దరు విడివిడిగా కనిపెట్టొచ్చు. పనికిమాలినదాన్ని ఇద్దరెలా కనిపెడతారు? దొంగ సామానుతోపాటు చెత్తబుట్ట కూడా ఎత్తుకుపోతే ఇలాగే ఉంటుంది.

ఇద్దరు శిష్యులు, ఒక టైలరు అన్నావు. నాకు గురువులు లేరు. ఆ ప్రోగ్రాం నా బుర్రలోంచి పుట్టింది.

ఇంకో సంగతి. మూడు వందల సంతకాలు చూసి కంపెనీ భయపడింది. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దని ఆ ఇంజినీరమ్మతో అన్నారట. ఇది మా మొదటి గెలుపు. నలుగురం చేరి గట్టిగా అరుద్దామనుకున్నాం. తీరా కూర్చున్నాక టీ తాగి లేచిపోయాం.

నువ్వు ఎవరి పక్షమో ఒక్క మాట రాయి. చాలు.

అక్క కూతురు


కటింగ్ గది,
జూన్ 21

తల్లీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. టీ వేళ దాకా ఆగలేదు. గుడ్డ పొరలు అలాగే వదిలేసి రాస్తున్నాను. మేనేజరు రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి, నా ముఖం చూసి వెనక్కి పోయాడు.

ఇప్పుడు రాయబోయేది ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం చేశాను. చెప్తున్నాను. నేను ఎవరి పక్షమో చదివాక నువ్వే తేల్చుకో.

నాది ఎడమచేతి వాటమని నీకు తెలుసు. ఎడమ చేత్తో సుద్ద పట్టుకుని గుడ్డ మీద ఎడమ నుంచి కుడికి గీసుకుంటూ పోతే, గీసిన గీత మీదే నా మణికట్టు పాకి చెరిపేస్తుంది. అందుకని నేను పని నేర్చుకున్న రోజు నుంచీ కుడి అంచు దగ్గర మొదలుపెట్టి ఎడమకి వస్తాను. కత్తెరలేమో కుడిచేతి వాళ్ళ కోసం చేసినవి. ఎడమ చేత్తో పడితే పై రెక్క గీతని కప్పేస్తుంది. తిన్నగా పోయేచోట ఫరవాలేదు, కాలరు వంపు దగ్గర గీత అసలు కనపడదు. పక్క ముక్క తెగిపోకుండా అక్కడ రెండు వేళ్ళు వదులుతాను. ఇరవై ఏడేళ్ళుగా వదులుతున్నాను.

మూడు వేసవి సెలవులు నువ్వు నా బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నావు. నీ ప్రోగ్రాంకి చేతులు లేవు, సుద్ద లేదు, చెరిగిపోయే గీత లేదు. అయినా అది కుడి నుంచి మొదలుపెడుతుంది. ఎందుకంటావు? నీ కంటికి సరిగ్గా ఉందనిపించినది నా చేతికున్న ఇబ్బంది.

ఇక రెండో సగం. పోయిన ఏడాది ఆ ఇంజినీరమ్మ కూడా నా బల్ల పక్కన మూడు నెలలు కూర్చుంది. స్టూలు కూడా అదే. కంపెనీ పంపింది. నేను ముక్క పెట్టగానే ఎక్కడ పెట్టానో రాసుకునేది, మళ్ళీ పెట్టగానే మళ్ళీ రాసుకునేది. పెద్ద నోటు పుస్తకాలు నాలుగు నింపింది. మాటకారి కాదు, కానీ పని తెలిసిన మనిషి. ఆ మూడు నెలల సంగతి బయట చెప్పకూడదని నా చేత సంతకం తీసుకున్నారు. నీకు చెప్పకపోవడానికి కారణం అది. ఇంకో కారణం కూడా ఉంది. నీకు నేర్పిన పనే నీ శత్రువుకి నేర్పానని తెలిస్తే నువ్వు నన్ను కూడా ఆ గోడల మీద అంటిస్తావేమోనని భయపడ్డాను.

ఇది బాగా చదువు. ఒకరోజు నేను గొప్పకి పోయి, మా అక్క కూతురు కూడా ఇలాంటిదే రాసింది చూడమని ఇక్కడి పాత కంప్యూటర్‌లో నీ ప్రోగ్రాం తెరిచాను. ఆవిడ స్టూలుతో సహా గోడవైపు తిరిగిపోయింది.

"అమ్మా, అది మూసెయ్యండి," అంది. "నేను చూడకూడదు. ఆ లైసెన్సు నాకు తెలుసు. చూసి రాస్తే నాది ఆ అమ్మాయి పని నుంచి పుట్టినట్టవుతుంది. అప్పుడు మాది మూసిపెట్టుకోవడం ఆ అమ్మాయికి ద్రోహం."

నాకు అర్థం కాలేదు. మా పిల్ల రాసింది చూడ్డానికి కూడా పనికిరాదా అని ముఖం ముడుచుకుని రెండు రోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. నీ ఉత్తరాలు చదివాక అర్థమైంది. నీ లైసెన్సుని పొల్లు పోకుండా పాటించిన మనిషి ఆవిడ. ఆవిడనే నువ్వు ఇంట్లో కూర్చోబెట్టావు.

నా సంతకం సంగతి నేను చూసుకుంటాను. నీ సంతకాల సంగతి నువ్వు చూడు.

పిన్ని


మెట్ల కింది గది,
జూన్ 26

పిన్నీ,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తర్వాత కళ్ళు మూసుకుని, నువ్వు గుడ్డ ముందు నిలబడే తీరు గుర్తు తెచ్చుకున్నాను. నిజమే. నువ్వెప్పుడూ బల్ల కుడి చివర నిలబడతావు. మూడు వేసవులు చూశాను, బల్లకి అదే మొదలనుకున్నాను.

బహిరంగ లేఖ తీసేశాను. దాని చోట రెండోది పెట్టాను. నేను చెప్పింది అబద్ధమని, ఆవిడ నా కోడ్ చూడలేదని, ఇద్దరం ఒకే మనిషి పని చూసి నేర్చుకున్నామని రాశాను. ఆ మనిషి ఎవరో రాయలేదు. కంపెనీకి వేరే ఉత్తరం రాశాను, ఇంజినీరమ్మకి ఇంకోటి. ఆవిడకి రాసింది ఎనిమిదిసార్లు చింపాను. చివరికి మూడు వాక్యాలే మిగిలాయి.

సంతకం చేసినవాళ్ళలో కొందరికి కోపం వచ్చింది. కంపెనీ నిన్ను ఎంతకి కొనేసింది అని ఒకడు అడిగాడు. పది రోజుల క్రితం నేనైతే అదే అడిగేదాన్ని. నా కరపత్రాలు మళ్ళీ తీసి చూశాను. అందులో తప్పేమీ లేదు. పద్ధతి ఎవడి సొత్తూ కాదని పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కింద నేనే ఎర్ర సిరాతో గీత గీసుకున్నాను. గీసి, పద్ధతి నాదని బజారుకెక్కాను.

ఇప్పుడు నాకు వేరే భయం పట్టుకుంది. నువ్వు ఆ కాగితం మాట తప్పావు. నా వల్ల నీ ఉద్యోగం పోతే నేనేం చెయ్యాలి? ఆ విషయం తేలేదాకా నాకు అన్నం సహించదు.

ఇంకోటి అడగాలి. నా ప్రోగ్రాం మొదటి పేజీలో రాసినవారు అని నా పేరొక్కటే ఉంది. అది నీ పని నుంచి పుట్టిన పనేనా పిన్నీ?

నీ అక్క కూతురు


కటింగ్ గది, టీ వేళ,
జూలై 14

ఏమే మిరపకాయ్,

ముందు అన్నం తిను. ఉద్యోగం ఉంది. ఆవిడ ఉద్యోగమూ ఉంది. ఇక మిగతాది చదువు.

నీ ఉత్తరం రాకముందే నేను మేనేజరు గదికి వెళ్ళి, ఇలా మాట తప్పానని చెప్పేశాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. కంపెనీకి కబురు పెట్టాడు. వాళ్ళు ఇద్దరిని పంపారు, ఒకాయన లాయరు. గదిలో కూర్చోబెట్టి నేను సంతకం చేసిన కాగితం తీశారు. నేను లేచి నిలబడ్డాను. కూర్చోమ్మా అంటున్నా కూర్చోలేదు, బల్ల పట్టుకున్నాను. లాయరు ఆ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. ఎంతసేపు చదివాడంటే, మేనేజరు ఈలోగా మూడుసార్లు మంచినీళ్ళు తాగాడు.

"ఇందులో మా ప్రోగ్రాం గురించి మాత్రమే చెప్పకూడదని ఉందమ్మా," అన్నాడు చివరికి. "మీరు చెప్పింది మీ చెయ్యి గురించి. మీ చెయ్యి మాది కాదు."

అప్పుడు కూర్చున్నాను. కూర్చుని, ఎందుకో తెలీదు, నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. లాయరు కూడా నవ్వాడు. ఇంజినీరమ్మ నీ కోడ్ చూడనందని నేను చెప్పింది ఆయన రాసుకుని, నా చేత సంతకం చేయించుకున్నాడు. నా సంతకం మంచిపనికి అక్కరకొచ్చింది ఇప్పుడే. నువ్వు రాసిన ఉత్తరం కూడా వాళ్ళ ఫైల్లో ఉంది. వారం తిరక్కుండా ఆవిడని పనిలోకి పిలిచారు.

నిన్న ఆవిడ ఇక్కడికి వచ్చింది. నన్ను చూసి ఏమంటుందో అనుకున్నాను. వచ్చి తిన్నగా నా కత్తెర అడిగి, ఎడమ చేత్తో పట్టుకుని కాలరు వంపు మీద పెట్టి చూసింది. గీత కనపడలేదు. నాలుగు పుస్తకాలు నింపాను, ఎక్కడ పెట్టారని రాసుకున్నానే కానీ, ఎందుకు పెట్టారని ఒక్కసారి అడగలేదు అంది. యంత్రం బ్లేడుకి ఎడమా కుడీ లేవు కదా. ఎనిమిది నెలలుగా మా ఫ్యాక్టరీలో ప్రతి చొక్కాకీ నా పేరు మీద రెండు వేళ్ళ గుడ్డ చెత్తలోకి పోతోంది. మేనేజరుకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు, మళ్ళీ మంచినీళ్ళు తాగుతాడు.

నీ మీద కోపముందా అని అడిగాను. ఉంది అంది. దాచుకోలేదు. ఇల్లు కదలకుండా కూర్చున్న ఆ రోజుల్లో ఒక్కరైనా, నువ్వు అలాంటిదానివి కాదని అంటారేమోనని చూశానంది. తర్వాత నీ మూడు వాక్యాల ఉత్తరం సంచిలోంచి తీసి నాకు చూపించింది. దాచుకుంది. నాకు తెలిసినంతలో, కోపం ఉన్నవాళ్ళు ఉత్తరం దాచుకుంటే అది పోయే కోపమే.

నీ ప్రశ్నకి జవాబు. నేను నీకు ఏదీ రాసివ్వలేదు. చేసి చూపించాను. చేసి చూపించినది నేర్చుకున్నవాళ్ళదే. నీది నీది, ఆవిడది ఆవిడది. లైసెన్సుతో పనిలేదు. కానీ నాకు గురువులు లేరని ఒక ఉత్తరంలో రాశావు చూడు, అది మాత్రం నాకు గుచ్చుకుంది. లైసెన్సులో ఆ తప్పుకి ఏ షరతూ ఉండదు. అది నువ్వే దిద్దుకో.

పిన్ని


మెట్ల కింది గది,
జూలై 22

పిన్నీ,

అన్నం తిన్నాను. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఉద్యోగం ఉంది అన్న వాక్యం దగ్గర ఆగి, కాసేపు మిగతా ఉత్తరం చదవలేదు. మెట్ల మీద ఎవరో పైకీ కిందికీ నడుస్తున్నారు. నెల రోజులుగా ఎవరో నన్ను నిలదీయడానికి వస్తున్నట్టు వినిపించిన ఆ చప్పుడు, ఇప్పుడు ఉత్త చప్పుడులాగే వినిపించింది.

దిద్దుకున్నాను. మొదటి పేజీలో ఇప్పుడు ఇలా ఉంది: "ఈ ప్రోగ్రాం సర్దే తీరు మా పిన్ని చేతిది. ఆవిడ కటింగ్ మాస్టర్. కోడ్ నాది, అందులోని తప్పులు నావి." షరతు కింద పెట్టలేదు. ఎవరైనా తీసేస్తే తీసేయనీ, నేను తీయను.

ఇంజినీరమ్మ నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడ కూడా కాగితం మీదే రాసింది. క్షమించానని ఎక్కడా లేదు. నన్ను నలుగురిలో దొంగ అన్నావు, కాదని కూడా నలుగురిలోనే అనాలి, తెర మీద రాసి చేతులు దులుపుకోకు అని ఉంది. న్యాయమే. నేను అడగాలనుకున్నదే ఆవిడ అడిగింది. మా వాళ్ళు కొందరు, ఎందుకు ఇంకా పరువు తీసుకుంటావు, లేఖ మార్చావు చాలు అంటున్నారు. పరువు ఆవిడది తీశాను. నాది ఇస్తే తప్ప అది తిరిగి రాదు.

ఆవేశం చల్లారిందనుకోకు. తాళం వేసుకునేవాళ్ళంటే నాకు ఇప్పటికీ మండుతుంది. నిజంగా ఎత్తుకుపోయినవాళ్ళు కొందరున్నారు, వాళ్ళ మీదికి వెళ్తాను. ఈసారి పేరు రాసేముందు, ఆ మనిషి ఎవరి పక్కన కూర్చుని పని నేర్చుకుందో కనుక్కుని వెళ్తాను.

మూడు వందల పన్నెండు మందికీ విడివిడిగా కబురు పంపాను. నీకూ అదే పంపుతున్నాను. నీకు ఫ్యాక్టరీ సెలవే కదా, మొదటి బండికి బయల్దేరితే అందుకుంటావు. ఆవిడ వస్తానంది.

"నేను ఒక ఇంజినీరు మీద దొంగతనం మోపాను. ఆవిడ దొంగ కాదు. నా మాట నమ్మి మీరు సంతకం చేశారు. ఆ మాట వెనక్కి తీసుకోవడం కూడా మీరు మీ కళ్ళతో చూడాలి. ఆవిడ మన ముందుంటుంది. నేను చెప్పాక, ఆవిడ చెప్పదలచుకున్నది చెప్తుంది, ఎవరూ అడ్డు రాకూడదు. ఎవరి కోడ్ ఎవరిదాన్నుంచి పుట్టిందో ఎలా తేల్చాలో ఆ తర్వాత అందరం కూర్చుని మాట్లాడుకుందాం. నా మీద కోపం ఉన్నవాళ్ళు తప్పకుండా రండి. వచ్చే ఆదివారం, గ్రంథాలయం మేడ మీది హాలు, పొద్దున సరిగ్గా పది గంటలకి."

నీ మిరపకాయ